అంతర్గత సిబ్బంది

రాష్ట్ర గోనెసంచుల సంస్థ ప్రధాన కార్యాలయం కాకినాడలో ఉంది. ప్లాస్టిక్ సంచులు వచ్చాక గోనెసంచుల్ని అడిగేవాళ్ళు కరువయ్యారు. అయినా సంస్థ మాత్రం పెరుగుతూనే వచ్చింది. సంచులు తగ్గినకొద్దీ, అవి ఎందుకు తగ్గుతున్నాయో పరిశీలించే విభాగాలు పెరిగాయి. ఆ విభాగాలు ఒకదానికొకటి రాసుకునే ఉత్తరాలను చేరవేసే తపాలా విభాగంలో నూకరాజు సీనియర్ అసిస్టెంటు.

నూకరాజు ఎవరితోనూ పేచీ పెట్టుకునే మనిషి కాదు. ఆఫీసులో పై అధికారి మాట, ఇంట్లో భార్య మంగతాయారు మాట, రెండింటినీ కిమ్మనకుండా మింగుతూ యాభై దాటించాడు. ఇంట్లో అయితే నిజంగానే మింగేవాడు. మంగతాయారుకు ఆకుకూరల పిచ్చి. కంటికి పచ్చగా కనిపించిందల్లా కోసి కూర చేసేది. పొన్నగంటికూర, గంగపాయలకూర, మునగాకు, చింతచిగురు, గుమ్మడిపువ్వు, అరటిదవ్వ, ఇవి కాక ఊళ్ళో ఎవరికీ పేరు తెలియని తీగలు రెండు మూడు. నూకరాజుకు ఇష్టమైనవి నూనెలో వేగినవి. ఆ సంగతి చెప్పడానికి పెళ్ళయిన కొత్తలో ధైర్యం చాలలేదు. తరువాత చెప్పి ప్రయోజనం కనిపించలేదు. ఆ ముచ్చటేదో ఆఫీసు క్యాంటీన్‌లో వెంకాయమ్మ వేసే మిరపకాయ బజ్జీలతో తీర్చుకుని, సాయంత్రానికి మళ్ళీ ఆకుల్లోకి వెళ్ళిపోయేవాడు.

ఇలా ఎవరికీ తెలియకుండా రిటైరైపోవాల్సినవాడు ఊరంతటికీ తెలిసిపోవడానికి కారణం సంస్థకు కొత్తగా వచ్చిన మేనేజింగ్ డైరెక్టరు ప్రభంజన్ గారు.

ప్రభంజన్ గారు వచ్చిన కొత్తలోనే అరకులో 'ఉన్నతాధికారులు, ఉన్నత ఆరోగ్యం' అనే సదస్సుకు వెళ్ళారు. అక్కడ ఒక శాస్త్రవేత్త, పెద్దావిడ, కాసేపు మాట్లాడింది. మొక్కల్లో వగరునీ చేదునీ రంగునీ ఇచ్చే పదార్థాలు చాలా మటుకు మనకు నేరుగా అరగవనీ, పెద్దపేగు దాకా పోతాయనీ, అక్కడున్న సూక్ష్మజీవులు వాటిని విడగొట్టి పనికొచ్చేలా మారుస్తాయనీ, ఒంట్లో చక్కెరా కొవ్వూ అదుపులో ఉండడానికి అది కొంత సాయపడవచ్చనీ చెప్పింది. "పరిశోధనలు ఇంకా జరుగుతున్నాయి. ఈలోగా వీలైనన్ని రకాల కూరగాయలూ, పళ్ళూ, పప్పులూ తినండి" అని కూర్చుంది.

అంతటితో అయిపోవాల్సిన మాట అది. కాకపోతే విన్నవాళ్ళలో ప్రభంజన్ గారున్నారు.

ఆయన తిరిగి రాగానే సిబ్బందినంతా సమావేశ మందిరంలో కూర్చోబెట్టారు.

"శేషావతారం గారూ, మన సంస్థలో సిబ్బంది ఎంతమంది?" అని అడిగారు.

శేషావతారం గారు పరిపాలనా విభాగం జనరల్ మేనేజరు. పై అధికారి వాక్యం పూర్తి కాకముందే తలూపడంలో రాష్ట్రంలో ఆయనకు సాటి లేదు. "మూడొందల చిల్లర, సార్."

"తప్పు. ఈ మూడొందల మందీ బాహ్య సిబ్బంది మాత్రమే. వీళ్ళ కడుపుల్లో కోట్లానుకోట్ల మంది అంతర్గత సిబ్బంది ఉన్నారు. పగలూ రాత్రీ పనిచేస్తున్నారు. సెలవు పెట్టరు, టీ తాగడానికి లేచి వెళ్ళరు. అటువంటివారిని ఇన్నేళ్ళుగా మనం మస్టరు మీదికే ఎక్కించలేదు. ఇది పరిపాలనా వైఫల్యం."

"క్షమార్హం కాని వైఫల్యం, సార్."

"ఈ లెక్కన ఆసియాలోనే ఎక్కువమంది సిబ్బంది ఉన్న సంస్థ మనదే."

చప్పట్లు మోగాయి. నూకరాజు కూడా కొట్టాడు. పక్కనున్న టైపిస్టు "ఏవన్నారండీ?" అని అడిగితే "మనల్ని కాదు లెండి, లోపలోళ్ళని" అని చెప్పాడు.

వారం తిరగకుండా 'ఉదర సుపరిపాలన పథకం' మొదలైంది. ఉత్తర్వు ఇలా ఉంది: 'ఇందుమూలముగా సమస్త బాహ్య సిబ్బందికి తెలియజేయడమేమనగా, అంతర్గత సిబ్బంది యొక్క సంక్షేమము దృష్ట్యా కార్యాలయ ఆవరణలో వగరు, చేదు గుణములు లేని పదార్థములు వండుట, తినుట, తినవలెనని తలచుట తక్షణము నిషేధించడమైనది.'

క్యాంటీన్‌లో వెంకాయమ్మకు పాలుపోలేదు. "వగరంటే ఎంత వగరుండాలండీ, శేషావతారం గోరూ?" అని అడిగింది.

"నాలుక తనంతట తాను ముడుచుకొనుటకు సరిపడునంత" అన్నారాయన, ఉత్తర్వు చూసి.

ఆ మర్నాటి నుంచి ఇడ్లీ, ఉప్మా, బజ్జీ మాయమయ్యాయి. పొద్దున పచ్చి అరటికాయ తురుము, దానిమ్మతొక్క కషాయం. మధ్యాహ్నం అరటిపువ్వు, మజ్జిగలో నానబెట్టకుండా. సాయంత్రం పచ్చి వెలగకాయ. పై అధికారులకు ఇవే పింగాణీ ప్లేట్లలో. వగరు ప్రమాణాలు సరిపోయాయో లేదో శేషావతారం గారు రోజూ స్వయంగా రుచి చూసి ధ్రువీకరించేవారు. ధ్రువీకరించాక చాలాసేపు ఆయనకూ, తిన్న మిగతావాళ్ళకూ నాలుక తిరిగేది కాదు. ఆ సమయంలో జరిగిన సమావేశాల్లో ఎవరూ ఏమీ మాట్లాడలేకపోవడం వల్ల పెండింగులో ఉన్న పనులు కొన్ని పూర్తయ్యాయి. పథకం ఫలితాలు అప్పుడే కనిపిస్తున్నాయని ప్రభంజన్ గారు పై వాళ్ళకు రాశారు.

తిండి పెట్టాక తిన్నవాళ్ళ లెక్క తేలాలి కదా. అంతర్గత సిబ్బంది జనాభా గణన ప్రకటించారు. ప్రతి ఉద్యోగీ పొద్దున్నే ఒక డబ్బాలో నమూనా తెచ్చి ఇవ్వాలి. గెజిటెడ్ అధికారులకు స్టీలు డబ్బాలు, మిగతావాళ్ళకు ప్లాస్టిక్ డబ్బాలు. సంస్థ నుంచి బయటికి పోయే ఏ వస్తువైనా తపాలా విభాగం గుండానే పోవాలని నిబంధన ఉంది కాబట్టి అవన్నీ నూకరాజు బల్ల మీదికి చేరాయి. ఆయన ముక్కుకు తువ్వాలు చుట్టుకుని, ఒక్కోదాని మీద 'అతి గోప్యం' అని ముద్ర కొట్టి, హైదరాబాదులోని ఒక పరీక్షా కేంద్రానికి పంపాడు.

"ఏంటండీ, ఒళ్ళు అదోలా వాసనేస్తోంది?" అని ఆ సాయంత్రం మంగతాయారు అడిగింది.

"ఆఫీసు కాయితాలే" అన్నాడు నూకరాజు. చెబితే ఆఫీసు పరువు పోతుందనిపించింది.

కొన్నాళ్ళకు ఫలితాలు వచ్చాయి. వాటిని అందరి ముందూ చదవాలన్నది ప్రభంజన్ గారి కోరిక. ఎవరి కడుపులో ఎన్ని రకాల సూక్ష్మజీవులున్నాయో దాన్నిబట్టి 'వైవిధ్య సూచిక' ఉంటుంది. రకాలు ఎక్కువుంటే మేలు. శేషావతారం గారు పై నుంచి చదవడం మొదలుపెట్టారు. ప్రథమ స్థానం తపాలా విభాగం నూకరాజు. పరీక్షా కేంద్రంవాళ్ళు నమ్మలేక రెండోసారి చూశారట.

శేషావతారం గారు చదువుతూ చదువుతూ ఆఖరి పేరు దగ్గర ఆగిపోయారు. అది ప్రభంజన్ గారిది. ఆయన మొదట్నుంచీ క్యాంటీన్‌కు రాకుండా, వగరంతా క్యాప్సూళ్ళలో తెప్పించుకుని మింగుతున్నారు. ఆయన కడుపులో చెప్పుకోదగ్గవి ఒకే రకమో రెండు రకాలో ఉన్నాయట.

శేషావతారం గారు చెమట తుడుచుకున్నారు. ఇలాంటి క్షణాల కోసమే దేవుడు ఆయనను పుట్టించాడు.

"సార్ గారి ఉదరంలో భిన్నాభిప్రాయాలు లేవని తేలింది. సంపూర్ణ ఏకాభిప్రాయం సార్! పరిపాలనాదక్షతకి ఇది పరాకాష్ఠ."

ప్రభంజన్ గారి మొహం విప్పారింది. అయినా లోపల ఎక్కడో ముల్లు గుచ్చుకుంది. ఆయన నూకరాజు వంక చూశారు. మొహం చూడలేదు, పొట్ట వంక చూశారు.

"నూకరాజు గారూ, ఇలా రండి. కూర్చోండి. మెల్లిగా... మెల్లిగా కూర్చోండి."

ఉద్యోగంలో చేరాక పై అధికారి ఆయనను 'గారూ' అనడం అదే మొదలు. నూకరాజుకు గుండె పొంగింది. తీరా చూస్తే ఆ గారు తనకు కాదు.

ఆ వెంటనే వచ్చిన ఉత్తర్వులో నూకరాజు ఉదరాన్ని 'సంస్థ స్థిరాస్తి'గా ప్రకటించారు. స్థిరాస్తి కదులుతుందని అభ్యంతరం వస్తే, కదలకుండా చూసే బాధ్యత నూకరాజు మీద పెట్టారు. అనుమతి లేకుండా ఊరు దాటకూడదు. తాను దాటితే అంతర్గత సిబ్బంది కూడా హెడ్ క్వార్టర్స్ విడిచి వెళ్ళినట్టవుతుంది. పెళ్ళి భోజనాలకు పోకూడదు. బస్సెక్కకూడదు, కుదుపులుంటాయి. రోజూ మస్టరులో ఒక సంతకం తన కోసం, ఒకటి వాళ్ళ తరఫున పెట్టాలి. బల్ల ముందు 'నూకరాజు, ఆతిథేయుడు' అని పలక వేలాడదీశారు. అంతర్గత సిబ్బందికి గెజిటెడ్ హోదా ఇచ్చారు. నూకరాజు మాత్రం సీనియర్ అసిస్టెంటుగానే ఉండిపోయాడు. దానివల్ల లోపలివాళ్ళ పనితీరు మీద రహస్య నివేదిక రాసే అర్హత ఆయనకు లేకపోయింది. ఆయన నివేదిక వాళ్ళు రాయవచ్చునా అన్న విషయం పరిశీలనలో ఉంది.

యూనియన్ నాయకుడు త్రినాథ్‌కు ఇదంతా బాగా నచ్చింది. మూడొందల మంది సభ్యులున్నవాడికి రాత్రికి రాత్రి కోట్లమంది సభ్యులయ్యే అవకాశం వచ్చింది. గేటు ముందు మైకు పెట్టాడు.

"లోపలి కార్మికులారా! బయటి కార్మికులారా! ఏకం కండి! చీకట్లో, గాలాడని చోట, వారాంతపు సెలవు లేకుండా పనిచేస్తున్న మన సోదరులకి యూనియన్ అండగా ఉంటదని హామీ ఇస్తన్నాం!" అని, కిందికి దిగి నూకరాజు భుజం మీద చెయ్యేసి, పొట్ట వైపు వంగి "ధైర్యంగా ఉండండి కామ్రేడ్స్" అన్నాడు.

ఇంకా పెద్ద కబురు తరువాత వచ్చింది. ఒకరి పేగుల్లోని సూక్ష్మజీవులను ఇంకొకరి పేగుల్లోకి పంపే వైద్యం ఉందని ప్రభంజన్ గారు ఎక్కడో చదివారు. నూకరాజు అంతర్గత సిబ్బందిలో సమర్థులైనవారిని మేనేజింగ్ డైరెక్టరు గారి ఉదరానికి డిప్యుటేషన్ మీద పంపాలని ప్రతిపాదన తయారైంది. పంపే పద్ధతేమిటో శేషావతారం గారు చెవిలో చెప్పగానే నూకరాజుకు తల తిరిగింది. అయినా అలవాటు కొద్దీ "అలాగేనండి" అన్నాడు. డిప్యుటేషన్ ముగిశాక వాళ్ళు మాతృ ఉదరానికి తిరిగి రావచ్చునా అన్నదాని మీద న్యాయ సలహా కోరారు.

ఆ సలహా రాకముందే నూకరాజుకు పన్ను నొప్పి మొదలైంది.

కింది దవడలో, ఆఖరి పన్ను. మొదట సలపరం. తరువాత బుగ్గ పొంగింది. ఆయన ఆఫీసు పక్క సందులో ఉన్న దంతవైద్యురాలు డాక్టర్ ఫాతిమా దగ్గరికి వెళ్ళాడు. ఆవిడ చూసి, "వేరు దగ్గర చీము పట్టిందండి. ముందు దాన్ని బయటికి తియ్యాలి. యాంటీబయాటిక్స్ కూడా వాడాలి. పన్ను ఉంచుకోవడం కష్టం" అంది.

"యాంటీబయాటిక్స్ అంటే... కడుపులోవాళ్ళు కూడా పోతారాండీ?"

"ఎవరు?"

"అదేనండి, సూక్ష్మజీవులు."

"కొన్ని పోతాయి. చాలా మటుకు మళ్ళీ పెరుగుతాయి. దానికేం? ఇవాళే మొదలుపెట్టండి."

నూకరాజు మందుల చీటీ జేబులో పెట్టుకుని తిన్నగా శేషావతారం గారి గదికి వెళ్ళాడు. అనుమతి లేకుండా మాత్ర మింగడం ఆయనకు తోచనే లేదు. ఇన్నేళ్ళ సర్వీసులో అనుమతి లేకుండా తుమ్మలేదు.

శేషావతారం గారు చీటీ చదివి అదిరిపడ్డారు. "ఏవయ్యా, ఇదేంటి? గెజిటెడ్ హోదా ఉన్న సిబ్బందిని కారణం చూపకుండా సామూహికంగా తొలగిస్తానంటావా?"

"నొప్పిగా ఉందండి."

"నొప్పి బాహ్య సిబ్బందికి సంబంధించిన వ్యక్తిగత విషయం. తొలగింపు సర్వీసు విషయం. రెండూ కలపకు. ముందు వారికి సంజాయిషీ నోటీసు వెళ్ళాలి. సహజ న్యాయసూత్రం."

త్రినాథ్ కూడా వచ్చాడు. నూకరాజు బుగ్గ చూసి "అయ్యో" అన్నాడు గానీ, "నోటీసు లేకుండా ఒక్క సభ్యుడి మీద చెయ్యి పడినా సమ్మెకి దిగుతాం" అని కూడా అన్నాడు.

నోటీసు తయారైంది. 'మిమ్ములను సేవల నుండి ఏల తొలగించరాదో నిర్ణీత గడువులోగా తెలుపవలెను' అని. దాన్ని అందజేయడం దగ్గర చిక్కు వచ్చింది. చిరునామాదారులు నోటీసు స్వీకరించడానికి అందుబాటులో లేకపోతే నివాసపు ముఖద్వారానికి అంటించాలని నిబంధన. ముఖద్వారం ఏది? నోరే ముఖద్వారమని ఒకరు, బొడ్డు అని ఒకరు వాదించారు. శేషావతారం గారు ఆలోచించి, నోటికి అంటిస్తే ఆతిథేయుడి విధులకు ఆటంకం కలుగుతుంది కాబట్టి పొట్టకు అంటించాలని తేల్చారు.

అటెండరు గున్నయ్య జిగురు డబ్బా పట్టుకుని వచ్చాడు. "చొక్కా ఎత్తండి, నూకరాజుగారూ. ఏమనుకోకండి, పైనుంచి ఆర్డరు" అన్నాడు. జిగురు చల్లగా తగిలింది. నూకరాజు తల పక్కకు తిప్పుకున్నాడు. ఆ ఒక్క క్షణం ఆయనకు ఏడుపొచ్చింది. నొప్పికి అనుకున్నాడు గున్నయ్య.

గడువు నడుస్తోంది. లోపలి నుంచి సంజాయిషీ రాలేదు. మౌనాన్ని అంగీకారంగా తీసుకోవచ్చునా అని మళ్ళీ న్యాయ సలహాకు రాశారు. నూకరాజుకు జ్వరం వచ్చింది. బుగ్గ వాపు దవడ కిందికి దిగింది. నోరు తెరవడం కష్టమైంది. జ్వరం సెలవు అడిగితే, ఆతిథేయుడు సెలవు పెడితే అంతర్గత సిబ్బందికి కూడా సెలవు మంజూరు చేయాలి, అంతమందికి సెలవు నిల్వ చూడాలంటే ఆర్థిక శాఖ దాకా పోవాలి అన్నారు. తపాలా గదిలో రెండు బల్లలు కలిపి, నోటీసు ఊడకుండా వెల్లకిలా పడుకోబెట్టారు. పడుకుని రెండు సంతకాలు పెడుతున్నాడు.

ఇంట్లో చొక్కా విప్పకుండా, అడిగితే ఇన్నాళ్ళూ "ఆఫీసులో చూస్తన్నారు లే" అంటూ వచ్చాడు. ఆవేళ పొద్దున ఆయన గంజి కూడా మింగలేకపోవడం చూసిన మంగతాయారు ఇక ఉండబట్టలేక, మధ్యాహ్నం ఆటో కట్టించుకుని ఆఫీసుకు వచ్చేసింది. తపాలా గదిలో బల్లల మీద మొగుడు, పొట్ట మీద కాగితం, దాని మీద గుండ్రటి ముద్ర. ఆవిడ బల్ల దగ్గరికి పరిగెత్తింది.

"ఏవండీ... ఏంటిది? పోయినోళ్ళకి కట్టే చీటీలాగా..."

నూకరాజు ఏదో అన్నాడు. వాచిన నోట్లో మాట నలిగిపోయింది. శేషావతారం గారు పరుగున వచ్చారు.

"అమ్మా, కంగారు పడకండి. ప్రక్రియ నడుస్తోంది. లోపలివారి సంజాయిషీ కోసం వేచి ఉన్నాం."

"లోపలెవరండీ?"

"మీవారి ఉదరంలో సేవలందిస్తున్న అంతర్గత సిబ్బంది. వారి ప్రయోజనాలు కాపాడడం సంస్థ ధ్యేయం."

మంగతాయారు నుదురు తాకి చూసింది. పెనంలా ఉంది. ఆవిడ శేషావతారం గారి వైపు తిరిగింది.

"వాళ్ళకి ఇల్లెవరండీ? ఈయన కాదా? ఇల్లు తగలబడిపోతంటే లోపలున్నోళ్ళకి నోటీసిచ్చి కూర్చుంటారా? రేపు ఈయనకి ఏవన్నా అయితే మీ సిబ్బందిని ఎక్కడ కూర్చోబెడతారు, మీ ఒళ్ళోనా?"

ఈ ప్రశ్న సంస్థ తరఫున ఇంతవరకూ ఎవరూ పరిశీలించలేదు. శేషావతారం గారు "రాతపూర్వకంగా ఇవ్వండి" అన్నారు.

ఆవిడ నోటీసును చర్రున పీకేసింది. దానితో పాటు కొన్ని వెంట్రుకలు ఊడొచ్చి నూకరాజు కెవ్వుమన్నాడు. ఆ అరుపు విని ఆవిడకు ప్రాణం లేచొచ్చింది. గున్నయ్య, ఎవరి ఆర్డరూ అడగకుండా, ఆయనను రెండో వైపు పట్టుకుని ఆటో దాకా నడిపించాడు.

డాక్టర్ ఫాతిమా చూసి మంగతాయారును గట్టిగా కేకలేసింది. "ఇంత దాకా ఎందుకు ఆగారు? ఇంకొంచెం ఆలస్యమైతే వాపు మెడలోకి దిగి ఊపిరాడేది కాదు" అని అప్పటికప్పుడు చీము తీసి, పెద్దాసుపత్రికి పంపింది. అక్కడ చేర్చుకుని సెలైన్ ఎక్కించారు. నర్సు వచ్చి నరంలోకి ఎక్కించాల్సిన మందు సీసా చూపించి, "ఇది యాంటీబయాటిక్. ఎక్కించమంటారా?" అని అడిగింది. ఆవిడ అలవాటుగా అడిగిందే.

నూకరాజు మంగతాయారు వంక చూశాడు. ఆవిడ ఎప్పటిలా "ఎక్కించెయ్యండి" అంటుందనుకున్నాడు. ఆవిడ కొంగుతో మొహం తుడుచుకుంది.

"నన్ను చూడకండి. ఇన్నేళ్ళూ నేను పెట్టింది తిన్నారు, వాళ్ళు పెట్టింది తిన్నారు. వద్దన్న మాట మీ నోట్లోంచి ఎప్పుడన్నా వస్తదేమోనని చూశాను. మీ ఒళ్ళు, మీరు చెప్పండి."

సస్పెన్షన్, పెన్షన్, రెండూ ఒకదాని వెనక ఒకటి నూకరాజు కళ్ళ ముందు నిలబడ్డాయి. దవడలో నొప్పి కూడా నిలబడింది. నొప్పి వాటికన్నా దగ్గరగా ఉంది. తన ఒంటి గురించి తనను అడిగి చాలా కాలమైంది, అడిగితే ఏం చెప్పాలో వెతుక్కోవాల్సి వచ్చింది.

"ఎక్కించండి" అన్నాడు.

పన్ను పీకారు. జ్వరం దిగింది. మెతుకు గొంతులోకి దిగడం మొదలయ్యేసరికి ఛార్జి మెమో ఆసుపత్రికే వచ్చింది. 'అసంఖ్యాక గెజిటెడ్ సిబ్బంది విధి నిర్వహణలో ఉండగా, ముందస్తు అనుమతి లేకుండా రసాయనిక చర్యకు పాల్పడినందుకు' అని. దానితో పాటు ఇంకో కాగితం: మరణించిన అంతర్గత సిబ్బందికి సంతాప సభ. మృతుల చివరి చిరునామా అయినందున నూకరాజు హాజరు తప్పనిసరి.

సంతాప సభ ఘనంగా జరిగింది. వేదిక మీద పరీక్షా కేంద్రంవాళ్ళు పంపిన ఫోటో, పెద్దది చేయించి పూలదండ వేశారు. చిన్న చిన్న కడ్డీలు చెల్లాచెదురుగా పోసినట్టుంది. పోయినవాళ్ళు వీళ్ళేనా అని ఎవరూ అడగలేదు. ప్రభంజన్ గారు గద్గదంగా మాట్లాడారు. డిప్యుటేషన్ ఉత్తర్వు సంతకం అయిన మర్నాడే ఈ ఘోరం జరిగిందనీ, సంస్థకు తీరని లోటనీ, వ్యక్తిగతంగా తనకైతే మరీననీ అన్నారు. త్రినాథ్ అమరులకు జోహార్లు చెప్పి, వాళ్ళ కుటుంబాల్లో ఒకరికి ఉద్యోగం ఇవ్వాలని కోరాడు. శేషావతారం గారు "పరిశీలిస్తాం" అన్నారు.

"ఇప్పుడు వారి ఆత్మశాంతికి మౌనం పాటిద్దాం."

అందరూ లేచి తలలు వంచారు. మొదటి వరసలో నూకరాజు కూడా తన పొట్ట వైపే తల వంచి నిలబడ్డాడు. ఫ్యాను తిరుగుతున్న చప్పుడు తప్ప ఏమీ లేదు.

అప్పుడు ఆయన కడుపులోంచి గుడగుడమని ఒక శబ్దం వచ్చింది. సన్నగా మొదలై, కింది నుంచి పైకి పాకి, ఒక్క విరుపు విరిచి, పెద్దదై, హాలు చివరి దాకా వినిపించి ఆగింది.

ప్రభంజన్ గారు తల ఎత్తారు. కళ్ళు పెద్దవయ్యాయి.

"బతికే ఉన్నారు!"

హాలంతా గగ్గోలు. త్రినాథ్ "జిందాబాద్" అన్నాడు. శేషావతారం గారు మాత్రం చెయ్యెత్తి, "తొందరపడరాదు సార్. శబ్దం చేసినవారు మన సిబ్బందో, బయటి నుంచి చొరబడ్డవారో తేలాలి. విచారణ సంఘం వేద్దాం" అన్నారు. ప్రభంజన్ గారు ఆయనను తప్పించుకుని నూకరాజు దగ్గరికి వచ్చి, పొట్టకు చెవి ఆనించినంత పని చేశారు.

"నూకరాజు గారూ, మీకు తెలుస్తుంది కదా. చెప్పండి. వాళ్ళేమంటున్నారు?"

నూకరాజు చుట్టూ చూశాడు. దండ వేసిన ఫోటో, మైకు, నిలబడి ఎదురుచూస్తున్న మూడొందల మొహాలు. పన్ను ఊడిన చోట నాలుకతో తడుముకున్నాడు. నొప్పి లేదు.

"ఆకలేస్తోందంటున్నారండి" అన్నాడు.

అంతర్గత సిబ్బంది చేసిన తొలి ప్రకటన అది. శేషావతారం గారు వెంటనే మినిట్స్‌లో రాయించారు. వారికి ఏం పెట్టాలి, ఎంత వగరుతో పెట్టాలి, ఏ హోదాకు తగ్గ పాత్రలో పెట్టాలి అన్నదాని మీద ఉపసంఘం వేయాలని తీర్మానించారు. ఉపసంఘంలో ఎవరుండాలనే దగ్గర మాటలు పెరిగాయి. త్రినాథ్ తనకు రెండు స్థానాలు కావాలని బల్ల గుద్దాడు.

ఆ గోలలో నూకరాజు హాల్లోంచి బయటికి నడిచాడు. ఎవరినీ అడగలేదు. గేటు దగ్గర గున్నయ్య పక్కకు తప్పుకుని దారిచ్చాడు. ఎదురుగా రోడ్డుకు ఆ పక్కన టిఫిన్ బండి ఉంది. పెనం మీద దోసె చుయ్యిమంటోంది. నూకరాజు బండి ముందు బల్ల మీద కూర్చున్నాడు.

బండావిడ గరిటె ఆపకుండానే అడిగింది. "ఎంతమందండీ?"

నూకరాజు ఒక్క క్షణం ఆలోచించాడు.

"ఒక్కణ్ణేనండీ" అన్నాడు.